తీగ వెంట పరుగెత్తే సంకేతం

(హైదరాబాదులో విద్యార్థులు, ఉపాధ్యాయులు, విజ్ఞానశాస్త్రం మీద ఆసక్తి ఉన్న పౌరులు హాజరైన ఒక సాయంకాల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం.

మీలో గోలకొండ కోటకు వెళ్లనివారు ఉండరనే ధైర్యంతో అక్కడి నుంచే మొదలుపెడతాను. ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి గైడు చప్పట్లు కొడితే, ఆ చప్పుడు దాదాపు కిలోమీటరు దూరాన కొండ మీద ఉన్న బాలా హిసార్ దగ్గర వినిపిస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక ఆ చప్పుడు పైకి చేరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. మరి గైడు అరచేతుల మధ్య నలిగిన గాలి ఆ 3 సెకన్లలో కొండెక్కి బాలా హిసార్ చేరిందా? చేరలేదు. ఆ గాలి రేణువులు ఉన్నచోటనే కాస్త ముందుకూ వెనక్కూ కదిలి, కదలికను పక్కవాటికి అందించి ఊరుకున్నాయి. పైకి చేరింది గాలి కాదు, గాలిలో పుట్టిన ఒత్తిడి మార్పు.

అంటే ఒకే గాలికి మూడు వేగాలు ఉన్నాయన్నమాట. ఒక్కొక్క రేణువు దిక్కూ దరీ లేకుండా సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో తిరుగుతూ, ఢీకొంటూ ఉంటుంది, ఇది మొదటిది. ఈ గందరగోళం మధ్యనే గాలి మొత్తం ఒక దిక్కుకు మెల్లగా జరగడం రెండవది, దానినే మనం పిల్లగాలి అంటాము. చప్పట్ల శబ్దం ప్రయాణించే వేగం మూడవది. తీగలో విద్యుత్తు ఎంత వేగంగా పోతుందని ఎవరైనా నన్ను అడిగినప్పుడు, ఈ మూడింటిలో మీరు అడుగుతున్నది ఏది అని నేను తిరిగి అడుగుతాను. సమాధానం దాటవేయడానికి ఇలా అడుగుతున్నానని కొందరు విద్యార్థులు అనుకుంటారు గానీ, తేడా చెప్పుకోకుండా అంకె ఒకటి చెప్పేస్తే అది అబద్ధమే అవుతుంది.

రాగిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు, స్విచ్చి వేసినా వేయకపోయినా, సెకనుకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో అన్ని దిక్కులకూ పరుగులు తీస్తూనే ఉంటాయి. ఎటు పోయేవి ఎన్నో, దానికి ఎదురుగా వచ్చేవీ అన్నే కనుక ఆ పరుగు వల్ల ప్రవాహం ఏమీ ఉండదు. స్విచ్చి వేసినప్పుడు ఈ గుంపు మొత్తానికి ఒక దిక్కుగా చిన్న జరుగుబాటు కలుగుతుంది. దానినే డ్రిఫ్ట్ వేగం అంటాము, ఇంటర్మీడియట్ చదివినవారికి అపసర వేగం అన్న మాట గుర్తుండవచ్చు. మన ఇళ్లలో 75 వాట్ల సీలింగు ఫ్యానుకు సుమారు మూడవ వంతు ఆంపియరు కరెంటు పోతుంది, దానికి వేసే రాగి తీగ సాధారణంగా 1.5 చదరపు మిల్లీమీటర్ల అడ్డకోత వైశాల్యంతో ఉంటుంది. ఒక ఘనపు మీటరు రాగిలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు 85 పక్కన 27 సున్నాల స్థాయిలో ఉన్నాయన్న లెక్కతో భాగిస్తే, ఆ తీగలో ఎలక్ట్రాన్ల గుంపు గంటకు 6 సెంటీమీటర్లు జరుగుతుందని తేలుతుంది. గంటకు, సెకనుకు కాదు. స్విచ్చి నుంచి ఫ్యానుకు 10 మీటర్ల తీగ ఉన్నదనుకుంటే, ఈ రోజు స్విచ్చి దగ్గర బయలుదేరిన ఎలక్ట్రాను వచ్చే వారం ఇదే రోజుకు ఫ్యాను చేరుతుంది. నత్త దానికంటే ఎన్నో రెట్లు నయం.

అది కూడా బ్యాటరీ వంటి ఏకముఖ విద్యుత్తు అయితేనే. మన ఇంటికి వచ్చేది సెకనుకు 50 ఆవర్తాల ఏకాంతర విద్యుత్తు కనుక, ఎలక్ట్రాన్ల గుంపు కాస్త ముందుకు జరిగేలోపే వెనక్కు మళ్లవలసి వస్తుంది, అది ఊగే దూరం వెంట్రుక మందంలో కొన్ని వందలవ వంతుకు మించదు. శ్రీశైలంలో టర్బయిను తిప్పిన ఎలక్ట్రాను ఏదీ మన ఇంటికి ఎన్నడూ రాలేదు, రాదు కూడా. మరి నెలనెలా బిల్లు దేనికి కడుతున్నాము అని మీరు అడగవచ్చు. మీటరు లెక్కకట్టేది శక్తిని, ఎలక్ట్రాన్లను కాదు. అవి మొదటినుంచీ మన తీగలోవే, ఎలక్ట్రీషియను తీగ లాగిన రోజునే వాటి ధర కూడా కలిపి కట్టేశాము.

ఇక మూడవ వేగం, అంటే స్విచ్చి వేశారన్న వార్త తీగ వెంట పోయే వేగం. ఇది సాధారణంగా సెకనుకు లక్షన్నర కిలోమీటర్ల నుంచి దాదాపు 3 లక్షల కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇక్కడ చాలా పుస్తకాలూ, చాలామంది ఉపాధ్యాయులూ ఒక పోలిక చెబుతారు. గొట్టం నిండా గోళీలు ఉన్నాయనుకోండి, ఈ చివర ఒక గోళీని లోపలికి నెడితే ఆ చివర ఒక గోళీ వెంటనే బయటపడుతుంది, తీగలో ఎలక్ట్రాన్లూ అంతే అని ఆ పోలిక సారాంశం. నేను కూడా చాలా ఏళ్లు ఇదే చెప్పాను. ఎలక్ట్రాను రాకముందే కరెంటు ఎలా వచ్చిందన్న అనుమానాన్ని ఇది తీరుస్తుంది కానీ, వేగం సంగతికి వచ్చేసరికి తప్పుదారి పట్టిస్తుంది. నేను మొదలుపెట్టిన గోలకొండ చప్పట్లు కూడా ఇక్కడే పనికిరాకుండా పోతాయి.

ఎందుకో చూడండి. గాలిలో ఒక రేణువు మరొకదానిని ఢీకొంటేనే శబ్దం ముందుకు పోతుంది కనుక, సాధారణ శబ్దం వేగం రేణువుల వేగాన్ని మించలేదు. రేణువులది 500, శబ్దానిది 340, లెక్క సరిపోయింది. తీగలో సంకేతం కూడా ఇలా ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి నెట్టుకోవడం వల్లనే పోతున్నట్లయితే, దాని వేగం ఎలక్ట్రాన్ల వేగమైన 1,600 కిలోమీటర్ల లోపే ఉండాలి. కానీ సంకేతం దానికి దాదాపు నూరు రెట్లు, ఇంకా పైగా వేగంతో పోతున్నది. పరుగెత్తేవాడి కంటే వాడు మోసుకుపోయే ఉత్తరం నూరు రెట్లు ముందు చేరిందంటే, ఆ ఉత్తరాన్ని వాడు మోయడం లేదనే అర్థం.

మోస్తున్నది తీగ చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రమూ, అయస్కాంత క్షేత్రమూ. పోయే తీగకూ వచ్చే తీగకూ మధ్య ఉన్న ఖాళీలో, లేదా ఆ ఖాళీని నింపిన ప్లాస్టిక్కులో, ఈ రెండు క్షేత్రాలూ కలిసి ఒక తరంగంగా ముందుకు సాగుతాయి, అది ఎక్కడికి చేరితే అక్కడి ఎలక్ట్రాన్లు అప్పుడు కదలడం మొదలుపెడతాయి. తరంగానికి దారి చూపే గట్లు మాత్రమే ఈ తీగలు. కాలువ గట్టు వెంట నీరు పోతుంది, గట్టులోపల మట్టిలో నుంచి పోదు. నిజానికి 50 హెర్ట్జ్ తరంగం రాగి లోపలికి చొరబడే వేగాన్ని విడిగా లెక్కకడితే అది సెకనుకు 3 మీటర్లే వస్తుంది, ఇందిరా పార్కులో పొద్దున్నే పరుగెత్తే పెద్దమనుషుల వేగం అన్నమాట. అది కూడా ప్రతి 9 మిల్లీమీటర్ల లోతుకు మూడవ వంతుకు క్షీణిస్తూ పోతుంది. శ్రీశైలం తరంగం రాగిలోపలి నుంచే రావలసి ఉంటే 200 కిలోమీటర్లకు 18 గంటలకు పైగా పట్టేది, వచ్చినా ఏమీ మిగిలి ఉండేది కాదు.

సంకేతం వేగం ఎంత అన్న ప్రశ్నకు జవాబును రాగిలో వెతకకండి, దాని మీది తొడుగులో వెతకండి అని నేను ఈ రోజు మీకు చెప్పదలచుకున్నది ఇందుకే. తీగ రాగిదైనా అల్యూమినియందైనా, మంచి వాహకం అయినంతకాలం వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. తీగల మధ్య ఉన్న పదార్థాన్ని మారిస్తే వేగం వెంటనే మారుతుంది. విద్యుత్ క్షేత్రాన్ని ఆ పదార్థం ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకెను డైఎలక్ట్రిక్ స్థిరాంకం అంటారు, దానికి వర్గమూలం కట్టి, కాంతి వేగాన్ని దానితో భాగిస్తే సంకేతం వేగం వస్తుంది. స్తంభాల మీద గాలిలో వేలాడే తీగల మధ్య ఉన్నది గాలే కనుక అక్కడి వేగం దాదాపు కాంతి వేగమే. పాతకాలపు టీవీ కేబులులో నడిమి తీగ చుట్టూ తెల్లగా ఉండే గట్టి పాలిథీనుకు ఆ స్థిరాంకం 2.25, దాని వర్గమూలం 1.5, కాబట్టి వేగం కాంతిలో మూడింట రెండు వంతులు. అదే పాలిథీనును నురగలా పొంగించి, మధ్యలో గాలి బుడగలు నింపిన కేబులులో వేగం 80 శాతం దాటుతుంది. కంప్యూటరు బోర్డుల్లో వాడే గాజునార కలిసిన ఎపాక్సీ పలకలో సుమారు సగానికి పడిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కేబులు కొనడానికి వెళ్తే రాగి ఎంత స్వచ్ఛమైనదని అందరూ అడుగుతారు. నష్టం సంగతి తెలుసుకోవడానికి అది మంచి ప్రశ్నే గానీ, వేగం సంగతి చెప్పేది లోపలి తెల్లటి పదార్థం.

మరొక అపోహ కూడా ఇక్కడే తీర్చుకోవచ్చు. ఆప్టికల్ ఫైబరులో సంకేతం కాంతి రూపంలో పోతుంది కనుక రాగి కేబులు కంటే వేగంగా చేరుతుందని అందరూ నమ్ముతారు. ఫైబరు గాజులో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లకు కాస్త పైన పోతుంది, అంటే ఇంచుమించు పాలిథీను కేబులుతో సమానమే, నురగ కేబులు కంటే తక్కువే. ఫైబరు గొప్పతనం అది ఒకేసారి మోయగలిగిన సమాచారం రాశిలోనూ, దూరం పెరిగినా సంకేతం అంతగా బలహీనపడకపోవడంలోనూ ఉన్నది, పరుగులో కాదు.

ఈ సంగతి తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్లకు పైగా పట్టింది. ఫ్రాన్సులో నొలే అనే ఆయన 1746లో సుమారు 200 మంది సన్యాసులను ఇనుప తీగలతో వరుసగా కలిపి నిలబెట్టి, విద్యుదావేశాన్ని నిలవచేసే లేడెన్ జాడీ నుంచి షాకు ఇచ్చాడు. అందరూ ఒక్కసారే ఎగిరిపడ్డారు కనుక విద్యుత్తు తక్షణమే పోతుందని తేల్చాడు. నాడులలో వార్త పోయే వేగం ఎంత తక్కువో హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప కాలు మీద కొలిచి చూపించాడు, అది సెకనుకు 30 మీటర్ల లోపే ఉంది. కాబట్టి మనుషులు ఎగిరిపడటాన్ని గడియారంగా పెట్టుకుంటే విద్యుత్తు వేగం దొరికే ప్రశ్నే లేదు. పాపం, ఆ సన్యాసులు ఊరికే షాకు తిన్నారు. ఇంగ్లండులో వీట్‌స్టన్ 1834లో తిరిగే అద్దంలో నిప్పురవ్వల ప్రతిబింబాలు చూసి అర మైలు తీగలో వేగం కొలిచి, సెకనుకు 2,88,000 మైళ్లు అన్నాడు, అంటే కాంతిని కూడా మించిపోయింది. తరువాత కొలిచినవారికి అందులో సగానికి తక్కువ కూడా వచ్చింది. చివరకు కిర్కాఫ్ 1857లో, నిరోధం చాలా తక్కువైన తీగలో సంకేతం వేగం తీగ మందం మీద గానీ లోహం మీద గానీ ఆధారపడదనీ, అది కాంతి వేగానికి సమానమనీ గణితంతో చూపించాడు. కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని మాక్స్‌వెల్ చెప్పడానికి ఇంకా కొన్నేళ్లు ఉంది.

తీగలో నిరోధం చాలా తక్కువ అన్న షరతు ఉందే, అది వర్తించని చోట ఏమవుతుందో ఆ మరుసటి ఏడాదే లోకానికి తెలిసింది. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున ఐర్లండు నుంచి న్యూఫౌండ్‌లాండు దాకా టెలిగ్రాఫు కేబులు వేశారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలి ఒడ్డుకు చేరడానికి 16 గంటలు పట్టింది. సన్నని రాగి తీగ, దాని చుట్టూ రబ్బరు వంటి చెట్టు పాలతో చేసిన గట్టాపర్చా తొడుగు, బయట ఉప్పునీరు, అంతా కలిసి వేల కిలోమీటర్ల పొడవున విద్యుదావేశాన్ని నిలవచేసుకొనే ఒక కెపాసిటరు అయి కూర్చున్నది. ఈ చివర టెలిగ్రాఫు సంకేతంలోని ఒక్క చుక్క పంపితే అది దారంతా పీల్చుకొనిపోయి, అవతలి చివర మెల్లగా ఉబ్బి మెల్లగా తగ్గే అలగా తేలేది. అక్కడ సంకేతం తరంగంలా పోదు, తడిగుడ్డలో నీరు పాకినట్టు పాకుతుంది. కేబులు పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగు రెట్లు అవుతుందని విలియం థామ్సన్, తరువాతికాలంలో లార్డ్ కెల్విన్ అయిన ఆయన, కేబులు వేయడానికి కొన్నేళ్ల ముందే 1854లో లెక్కకట్టి ఉన్నాడు. ఆ కంపెనీ ఎలక్ట్రీషియను వైట్‌హౌస్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. వోల్టేజి పెంచితే సంకేతం గట్టిగా తోసుకొని పోతుందనుకొని దాదాపు 2,000 వోల్టులు ఎక్కించాడు, ముందే లోపాలున్న ఆ కేబులు మూడు వారాలకే చచ్చిపోయింది. మళ్లీ సరైన కేబులు పడటానికి 1866 దాకా ఆగవలసి వచ్చింది.

ఇది సముద్రం కథ, పాతకాలపు కథ అనుకోకండి. మాదాపూరులో చిప్పులు డిజైను చేసే కార్యాలయాల్లో ఈ రోజు కూడా థామ్సన్ లెక్కే నడుస్తున్నది. చిప్పు లోపలి తీగల మందం ఎంత తక్కువంటే, పొడవు మిల్లీమీటర్లలో ఉన్నా నిరోధం విపరీతంగా ఉంటుంది, కాబట్టి అక్కడ సంకేతం పరుగెత్తదు, అట్లాంటిక్ కేబులులోలాగానే పాకుతుంది, పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగింతలే. అందుకని పొడవైన తీగను ముక్కలు చేసి, మధ్యమధ్య సంకేతాన్ని మళ్లీ బలపరిచి పంపే రిపీటర్లు పెడతారు. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్క ఆలస్యం పదహారవ వంతుకు తగ్గుతుంది, రిపీటరు తీసుకొనే సమయం కలిపినా మొత్తం మీద లాభమే.

సికింద్రాబాదు పార్కులేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లినప్పుడు ఒక మదర్‌బోర్డును చేతిలోకి తీసుకొని ప్రాసెసరుకూ మెమరీకీ మధ్య గీతలను గమనించండి. కొన్ని తిన్నగా పోతాయి, కొన్ని పాములా మెలికలు తిరుగుతాయి. ముగ్గు వేసినట్టున్న ఆ మెలికలు అలంకారం కాదు. బోర్డు మీద సంకేతం నానోసెకనుకు, అంటే సెకనులో వంద కోట్లవ వంతుకు, సుమారు 15 సెంటీమీటర్లే పోతుంది, 3 గిగాహెర్ట్జ్ గడియారం ఒక్కసారి టిక్కుమనేలోపు అది దాటగలిగేది 5 సెంటీమీటర్లు. ఒకేసారి బయలుదేరిన 64 బిట్లూ ఒకేసారి చేరాలంటే దగ్గరి దారిలో ఉన్న గీతను కావాలని చుట్టు తిప్పి మిగతావాటితో సమానం చేయాలి. గ్రేస్ హాపర్ అనే అమెరికన్ కంప్యూటరు శాస్త్రవేత్త తన ప్రసంగాలకు వచ్చినవారికి దాదాపు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచి, ఇదిగో ఒక నానోసెకను అని చెప్పేవారు, శూన్యంలో కాంతి అంతసేపట్లో పోయే దూరం అది. నేను ఈ రోజు పంచడానికి ఏమీ తేలేదు గానీ మీ స్కూలు బ్యాగులో ఉన్న స్కేలు పొడవు అంతే.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ వేగం నాకు కడుపు నింపిన సంగతి ఒకటి చెబుతాను. ఒక వానాకాలం, నగరంలో ఒకచోట భూమిలో వేసిన కేబులు తెగింది. కిలోమీటరున్నర పొడవు కేబులు, పైన కొత్తగా వేసిన రోడ్డు. ఎక్కడ తవ్వాలో తెలియకపోతే రోడ్డంతా తవ్వాలి. మేము ఒక చివర నుంచి చిన్న పల్సు పంపి, తెగిన చోట తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వని కోసం తెర మీద చూశాము. 10 మైక్రోసెకన్లకు, అంటే సెకనులో లక్షవ వంతుకు, అది తిరిగి వచ్చింది. ఆ రకం భూగర్భ కేబులులో సంకేతం మైక్రోసెకనుకు సుమారు 170 మీటర్లు పోతుంది, పోనూ రానూ కనుక సగం, అంటే లోపం సుమారు 850 మీటర్ల దగ్గర ఉంది. అక్కడికి వెళ్లి చూస్తే మ్యాన్‌హోలు మూత పక్కనే ఎవరో గునపం దింపిన గుంత కనిపించింది. తవ్వినవారెవరో తెలియలేదు, ఒప్పుకున్నవారూ లేరు.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

(ట్యూబులైటు స్విచ్చి వేశాక కాసేపటికి గానీ వెలగదు, కరెంటు ఆలస్యంగా రావడం వల్లనేనా అని ఒక పెద్దాయన అడిగారు.)

కాదండీ. కరెంటు వెంటనే వచ్చింది, లోపలి స్టార్టరులో లోహపు పట్టీ వేడెక్కి వంగి, మళ్లీ చల్లారి విడిపోయాక చోకు నుంచి వోల్టేజి దెబ్బ తగిలితే గానీ గొట్టంలో వాయువు వెలగదు. జోకు మెల్లగా అర్థమయ్యేవాళ్లను మనం ట్యూబులైటు అని పిలుస్తాము గానీ, అందులో విద్యుత్తు తప్పేమీ లేదు.

(బ్యాటరీ, స్విచ్చి, బల్బు మూడూ ఇక్కడే పక్కపక్కన ఉంచి, తీగను మాత్రం విజయవాడ దాకా తీసుకువెళ్లి వెనక్కు తెస్తే బల్బు ఎప్పుడు వెలుగుతుంది సార్ అని ఒక విద్యార్థిని అడిగింది.)

మంచి ప్రశ్న అమ్మా, ఇంతసేపూ చెప్పినదంతా దీనిలోనే ఉంది. స్విచ్చి వేసిన వెంటనే బల్బులో కొంత కరెంటు మొదలవుతుంది. విజయవాడకు పోయే తీగకూ అక్కడి నుంచి వచ్చే తీగకూ మధ్య ఉన్న గాలిలో తరంగం ప్రవేశించగానే, అది దాటుతున్న చోటల్లా రెండు తీగలలోనూ ఎలక్ట్రాన్లు కదలాలి, ఇక్కడి చివర ఆ రెండింటిలో ఒకటి బల్బుకే కలిసి ఉంది కదా. ఎంత కరెంటు అనేది ఆ క్షణంలో నిర్ణయించేది బ్యాటరీ వోల్టేజి, బల్బు నిరోధంతో పాటు తీగల మధ్య ఎడమూ, వాటి మందమూ. విజయవాడలో రెండు తీగలనూ నువ్వు ముడివేశావో, లేక అక్కడ అవి తెగి ఉన్నాయో బ్యాటరీకి ఇంకా తెలియదు. తరంగం సుమారు 275 కిలోమీటర్లు పోయి, అక్కడి పరిస్థితి చూసుకొని, మళ్లీ అంత దూరం వెనక్కు రావాలి, దానికి సుమారు 1.8 మిల్లీసెకన్లు పడుతుంది. ముడి ఉంటే కరెంటు అప్పటినుంచి పెరుగుతుంది, తెగి ఉంటే ఆగిపోవడం మొదలవుతుంది. మేము రోడ్డు మీద కేబులు లోపం వెతికింది కూడా ఈ పద్ధతిలోనే. బల్బులోని ఫిలమెంటు వేడెక్కడానికే అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది కనుక కంటికి ఏమీ తెలియదు, బల్బు పక్కన వోల్టేజి మార్పులను గీసి చూపే ఒక ఆసిలోస్కోపు పెట్టుకుంటే తెర మీద ఆ మెట్టు స్పష్టంగా కనిపిస్తుంది.